కాలువలు కట్టేశాక బయటపడే మురుగు

వేసవిలో రెండో పంట తడులు ముగిశాక ఇరిగేషన్ వాళ్లు కృష్ణా డెల్టా కాలువలు కట్టేస్తారు. ప్రకాశం బ్యారేజీ దగ్గర తలుపులు దించిన కొద్ది రోజులకే విజయవాడ మధ్యలోంచి పోయే బందరు, ఏలూరు, రైవస్ కాలువలు అడుగంటుతాయి. అడుగంటుతాయే గానీ ఎండిపోవు. పైనుంచి నీళ్లు రాకపోయినా, ఏ వంతెన మీద ఆగి చూసినా కింద నల్లగా, చిక్కగా, గుర్రపుడెక్క కాడల మధ్య ఏదో పారుతూనే ఉంటుంది. అది ఎక్కడి నుంచి వస్తోందో ఎవరూ చెప్పక్కర్లేదు. గట్ల పొడుగునా తూములు, పైపులు, సైడు కాలువల నోళ్లు బయటపడి ఉంటాయి. కాలువ నిండుగా పారే రోజుల్లోనూ అవి అంతే పోస్తాయి. అప్పుడు మునిగి ఉంటాయి కాబట్టి కంటికి ఆనవు.

ఈ కాలువలు మురుగు కోసం తవ్వినవి కావు. 1850లలో కట్టిన ఆనకట్ట నుంచి తూర్పు డెల్టా పొలాలకు నీళ్లు పారించడానికి, పడవలు నడపడానికి తవ్వినవి. 1952లో ఆ ఆనకట్ట తెగింది. దాని బదులు కట్టిన ప్రకాశం బ్యారేజీ 1957లో వాడకంలోకి వచ్చింది. పడవలు ఎప్పుడో పోయాయి. పొలాలు మిగిలాయి, వాటితోపాటు తాగునీటి చెరువులూ మిగిలాయి. బందరు కాలువ చివర మచిలీపట్నం ఉంది. ఆ ఊరికి మంచినీళ్లిచ్చే తరకటూరు చెరువు నిండేది కాలువ నీళ్లతోనే. దారిలోని పల్లెల మంచినీటి చెరువులదీ అదే దారి. బెజవాడ వదిలింది బందరు తాగాలి.

డెల్టాలో మురుగు అనే మాటకు రెండు అర్థాలున్నాయి. రైతు 'మురుగు దిగట్లేదు' అన్నాడంటే చేలో అదనపు నీళ్లు నిలిచిపోయాయని, పైరు కుళ్లుతుందని అతని బెంగ. పట్నంలో అదే మాటకు దొడ్డి నీళ్లు, వంటింటి నీళ్లు, స్నానాల గది నీళ్లు అని అర్థం. మాట ఒకటే అయినట్టు దారి కూడా ఒకటే అయిపోయింది. పొలం మురుగు కోసం తవ్విన డ్రెయిన్లలోకే ఊరి మురుగూ పోతోంది. అక్కడా చాలకపోతే సాగునీటి కాలువలోకి పోతోంది.

ఊళ్లో ఎస్టీపీ కట్టేస్తే ఈ బాధ తీరిపోతుందని ఒక నమ్మకం ఉంది. ఎస్టీపీ అంటే మురుగునీటి శుద్ధి కేంద్రం. విజయవాడలో సింగ్‌నగర్, ఆటోనగర్, రామలింగేశ్వరనగర్, జక్కంపూడిలలో అలాంటివి ఉన్నాయి కూడా. అయినా కాలువలు కట్టేసిన రోజుల్లో వంతెన మీది వాసన మారలేదు. కేంద్రాలు పనికిమాలినవని దీనర్థం కాదు. మురుగు ప్రయాణంలో అవి ఒక్క మజిలీ మాత్రమే. ఆ మజిలీకి ముందు జరిగేదీ, తర్వాత జరిగేదీ లెక్కలోకి రావడం లేదు.

ఏడున్నర దగ్గర 250 అప్పు

నీటికి మురుగు చేసే మొదటి హాని ఊపిరాడకుండా చేయడం. నీళ్లలో ప్రాణవాయువు కరిగి ఉంటుంది గానీ చాలా కొంచెం. మన వాతావరణానికి తగ్గట్టు 30 డిగ్రీల వేడి ఉన్న నీళ్లు లీటరుకు మహా అయితే ఏడున్నర మిల్లీగ్రాములు పట్టుకోగలవు. చేపలు ఇబ్బంది లేకుండా బతకాలంటే నాలుగైనా ఉండాలి. మురుగులోని అన్నం మెతుకులు, నూనె, సబ్బు, మలం కుళ్లేటప్పుడు వాటిని తినే బ్యాక్టీరియా ఈ ప్రాణవాయువునే వాడుకుంటుంది. ఎంత వాడుకుంటుందో కొలిచే లెక్కే బీఓడీ. శుద్ధి చేయని ఊరి మురుగుకు అది లీటరుకు 250 మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. జేబులో ఏడున్నర రూపాయలున్నవాడి దగ్గరికి వెళ్లి 250 అప్పు అడిగినట్టు.

స్నానాలకు పనికొచ్చే నదీజలానికి బీఓడీ 3 దాటకూడదని మన దేశంలో ప్రమాణం. పైనుంచి వచ్చే మంచి నీళ్ల బీఓడీ 1 అనుకుంటే, 250 ఉన్న మురుగు ఒక లీటరు కలిసినప్పుడు మొత్తం 3 దగ్గర ఆగాలంటే 120 లీటర్లకు పైగా మంచినీరు కావాలి. కావాలంటే కాగితం మీద వేసి చూసుకోవచ్చు.

ఇదే లెక్కను డెల్టా వాళ్లకు అలవాటైన క్యూసెక్కుల్లోకి, అంటే సెకనుకు ఇన్ని ఘనపుటడుగులనే కొలతలోకి, మార్చి చూద్దాం. ఉయ్యూరు, పొన్నూరు లాంటి ఒక పట్టణం, జనాభా 50 వేలు అనుకుందాం. మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లివ్వాలని, అందులో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందని ఇంజినీర్లు లెక్క వేస్తారు. ఆ ప్రకారం మనిషికి 108 లీటర్లు, ఊరికి రోజుకు 54 లక్షల లీటర్లు. వినడానికి పెద్ద అంకె, ప్రవాహంగా చూస్తే రెండు క్యూసెక్కుల పైచిలుకు. ఒక చిన్న పంట బోదెలో పారే నీరు. కానీ దాన్ని శుద్ధి చేయకుండా వదిలి, స్నానాలకు పనికొచ్చేలా పలచన చేయాలంటే కాలువలో 270 క్యూసెక్కులు పారాలి. బీఓడీని 30కి దించి వదిలితే 30 క్యూసెక్కులు చాలు. 10కి దించితే ఎనిమిది లోపే. శుద్ధి వల్ల ఒరిగేదేమిటని ఎవరైనా అడిగితే చెప్పాల్సిన జవాబు ఈ మూడు అంకెలు: 270, 30, 8.

2011 జనాభా లెక్కల్లో పది లక్షలు దాటిన విజయవాడకు ఇదే కొలత పెడితే మురుగు 44 క్యూసెక్కులు. పలచన చేయడానికి కావాల్సింది దాదాపు 5,450 క్యూసెక్కులు. సార్వాకు, అంటే వానాకాలం పంటకు, కాలువలు నిండుగా పారేటప్పుడు ఇలాంటి ప్రవాహాలు మనం చూస్తూనే ఉంటాం. కాలువ కట్టేసిన రోజున పలచన చేయడానికి ఉన్నది సున్నా.

ప్రమాణాల చర్చలో తరచూ జారిపోయే విషయం ఇది. బ్రిటన్‌లో మురుగు పారవేతపై వేసిన రాయల్ కమిషన్ 1912లో బీఓడీ 20, తేలే మలినాలు 30 అనే హద్దు పెట్టింది. దాంతోపాటు ఒక షరతూ పెట్టింది: వదిలిన నీటికి కనీసం ఎనిమిది రెట్లు నది నీరు ఉండాలి. ప్రపంచమంతా ఆ అంకెలను పట్టుకుంది, షరతును వదిలేసింది. మన దగ్గర కేంద్ర పర్యావరణ శాఖ 2017 నోటిఫికేషన్ మెట్రో నగరాలకు 20, మిగతా ఊళ్లకు 30 అంది. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ 10కి దించాలంది. చిన్న ఊరికి సడలింపు ఇవ్వడంలో ఖర్చు గురించిన ఆలోచన ఉంది, అది అర్థం చేసుకోదగ్గదే. అయితే చిన్న ఊళ్లు చిన్న కాలువల మీదే ఉంటాయి. పలచన చేసే నీళ్లు తక్కువగా దొరికేది వాటికే. సడలింపు ఇవ్వాలంటే ఊరి జనాభా చూసి కాదు, ఊరి కింద పారే నీళ్లు చూసి ఇవ్వాలి.

కేంద్రం లోపల

శుద్ధి కేంద్రం చేసే పని వింత ఏమీ కాదు. కాలువలో రోజుల తరబడి బ్యాక్టీరియా చేసే పనినే ఒక తొట్టిలో, దానికి కావాల్సిన గాలి మనమే ఊది, కొద్ది గంటల్లో చేయించడం. ముందు జల్లెడ ఉంటుంది. గుడ్డలు, ప్లాస్టిక్ కవర్లు, షాంపూ పొట్లాలు అక్కడ ఆగుతాయి. తర్వాత ఇసుక దిగే చిన్న తొట్టి. ఆ తర్వాత అసలు తొట్టి. అడుగున బిగించిన గొట్టాల్లోంచి బ్లోయర్లు గాలి ఊదుతుంటే బ్యాక్టీరియా మురుగును తిని, పెరిగి, రేణువులుగా ముద్ద కడుతుంది. నీటిని కదలకుండా ఉంచితే ఆ రేణువులు అడుక్కి దిగుతాయి. పైన తేరిన నీటికి క్లోరిన్ కలిపి వదులుతారు. అడుగు బురదలో కొంత మళ్లీ తొట్టిలోకి వెళ్తుంది, తోడు వేసినట్టు. మిగిలింది బయటకు తీసి ఆరబెట్టాలి.

కేంద్రం నడుస్తోందా, నడుస్తున్నట్టు కనిపిస్తోందా అని తెలుసుకోవడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. గాలి తొట్టి దగ్గర నిలబడితే చాలు. నీళ్లు గోధుమ రంగులో ఉండి, తడిసిన మట్టి వాసన వస్తుంటే బ్యాక్టీరియా బతికే ఉంది. నల్లగా ఉండి కుళ్లిన కోడిగుడ్డు వాసన కొడుతుంటే గాలి ఆగి చాలాసేపయిందని అర్థం. ఇంకో చిన్న పరీక్ష: ఆ నీళ్లు ఒక లీటరు కొలజాడీలో పోసి అరగంట కదపకుండా ఉంచాలి. బురద కిందికి దిగి పైన నీళ్లు తేటపడితే తొట్టి ఆరోగ్యంగా ఉన్నట్టు. అరగంట తర్వాత కూడా మజ్జిగలా ఉంటే కాదు. ఆపరేటర్లందరికీ తెలిసిన పరీక్షే. రికార్డు పుస్తకం మాత్రం జాడీ ఎలా ఉన్నా ఒకేలా నిండుతుంది, అది వేరే సంగతి.

ఇంతా చేసి బయటికొచ్చిన నీళ్లు తేటగా ఉంటే పని అయిపోయిందనుకోవడం సహజం. ఇక్కడే ఒక పెద్ద మోసం ఉంది. శుద్ధి చేయని మురుగులో వంద మిల్లీలీటర్లకు మలబ్యాక్టీరియా కోటి దాకా ఉంటుంది. గాలి తొట్టి, తేర్చే తొట్టి కలిసి అందులో 99 శాతం తీసేసినా ఇంకా లక్ష మిగులుతుంది. స్నానాలకు హద్దు 2,500. తొంభై తొమ్మిది మార్కులు తెచ్చుకున్నా ఫెయిలయ్యే పరీక్ష ఇది. మిగిలిన పని క్లోరిన్ చేయాలి. ఖర్చు తగ్గించాలనుకున్న చోట మొదట ఆగేది కూడా క్లోరినే, ఎందుకంటే ఆగినట్టు నీళ్లను చూస్తే తెలియదు. కాలువలో స్నానం చేసేవాడికి రెండ్రోజుల తర్వాత కడుపులో తెలుస్తుంది.

ఆగిపోయే వరసలో రెండోది కరెంటు. గాలి ఊదే బ్లోయర్లే కేంద్రం కరెంటు బిల్లులో సింహభాగం తింటాయి. ఊదకపోతే తొట్టిలో బ్యాక్టీరియాకు ఊపిరాడదు. మళ్లీ పెంచి దారికి తేవడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. కట్టడానికి కేంద్రం నుంచో రాష్ట్రం నుంచో నిధులొస్తాయి, రిబ్బన్ కత్తిరింపు ఉంటుంది. కరెంటు బిల్లు కట్టడానికి ఏ పథకమూ రాదు, ఫొటో కూడా పడదు. చిన్న మున్సిపాలిటీలో ఇంటిపన్ను వసూళ్లు జీతాలకు, వీధి దీపాలకే చాలీచాలకుండా ఉంటే బ్లోయర్ వంతు ఎప్పుడొస్తుందో ఊహించుకోవచ్చు.

బురద సంగతి ఇంకా అధ్వానం. పెరిగిన బురదను తీయాలి, ఆరబెట్టాలి, ఎక్కడో వేయాలి. వేసే చోటు లేని కేంద్రంలో బురద తొట్టిలో పెరిగి పెరిగి చివరకు తేరిన నీటితోపాటే పొంగి కాలువలోకి పోతుంది. మురుగు లోంచి తీసిందంతా తిరిగి మురుగుకే ఇచ్చేయడం.

మురుగు కోసం ఎదురు చూసే తొట్లు

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో వేసిన లెక్క ప్రకారం దేశంలోని పట్టణాల నుంచి రోజుకు 7,236 కోట్ల లీటర్ల మురుగు వస్తుంది. కట్టిన కేంద్రాల సామర్థ్యం 3,184 కోట్ల లీటర్లు. నిజంగా శుద్ధి అయింది సుమారు 2,023 కోట్లు. అందరూ మొదటి రెండు అంకెల మధ్య తేడా చూపించి కొత్త కేంద్రాలు కావాలంటారు. రెండో అంకెకూ మూడో అంకెకూ మధ్య ఉన్న 1,160 కోట్ల తేడా ఇంకా ఎక్కువ చెబుతుంది. డబ్బు పెట్టి కట్టేసిన తొట్లు అందులో ఉన్నాయి. కొన్ని ఆగిపోయాయి. కొన్ని నడుస్తున్నా వాటికి మురుగు చేరడం లేదు.

ఊరంతా మురుగు కంపు కొడుతుంటే శుద్ధి కేంద్రానికి మురుగు దొరక్కపోవడమేమిటని అనిపిస్తుంది. అదెలాగో అర్థం కావాలంటే ఒక ఇంటి దగ్గర మొదలుపెట్టాలి.

డెల్టా పట్టణంలో ఇల్లు కట్టుకున్న ప్రతివాడూ సెప్టిక్ ట్యాంకు కట్టుకున్నాడు. వంటింటి నీళ్లు, స్నానాల నీళ్లు వీధి సైడు కాలువలోకి వదులుకున్నాడు. అతని లెక్కలో సమస్య తీరిపోయింది. ఇరవై ఏళ్ల తర్వాత మున్సిపాలిటీ వచ్చి రోడ్డు తవ్వి, యూజీడీ (భూగర్భ డ్రైనేజీ) పైపు వేసి, మ్యాన్‌హోల్ కట్టి, ఇక మీ ఇంటి నుంచి దీనికి కలుపుకోండి అంటుంది. ఆ నాలుగు గజాల పైపుకు ఖర్చు ఇంటివాడిది. వాకిట్లో వేసిన గచ్చు పగలగొట్టాలి, ట్యాంకు పూడ్చాలి. కలుపుకుంటే అతనికి కొత్తగా వచ్చేది లేదు. కలుపుకోకపోతే పోయేదీ లేదు. లాభం అంతా కాలువ కింద ఉన్నవాడిది. ఇంటివాడిని బద్ధకస్తుడని తిట్టడం తేలిక గానీ, తన గచ్చు పగలగొట్టుకుని పక్క ఊరి నీళ్లు బాగుచేసేవాళ్లు ఏ ఊళ్లోనైనా ఎంతమంది ఉంటారు? మెయిన్ పైపు కాంట్రాక్టులోనే ఇంటి కనెక్షన్ కూడా కలిపి వేయించిన చోట్ల తప్ప ఈ చిక్కు వీడదు.

కలుపుకున్నా ఇంకో చిక్కుంది. భూమిలో పైపు మూసుకుపోకుండా ఉండాలంటే లోపల మురుగు సెకనుకు కనీసం 0.6 మీటర్ల వేగంతో పారాలి. అందుకు వాలు కావాలి, తగినంత నీళ్లూ కావాలి. డెల్టా నేల చేట వెనకవైపులా చదునుగా ఉంటుంది. వాలు కోసం పైపును లోతుగా, ఇంకా లోతుగా దించుకుంటూ పోవాలి. కొంచెం తవ్వగానే ఊట పడే నల్లరేగడిలో అది నరకం. ఒక లోతుకు వచ్చాక బావి కట్టి, పంపులతో ఎత్తి, మళ్లీ పైనుంచి మొదలుపెట్టాలి. ఇవే మురుగు పంపింగ్ స్టేషన్లు. కరెంటు పోయి, జనరేటర్‌లో డీజిల్ లేని గంటన్నరలో బావి నిండి పొంగుతుంది. పొంగింది ఎటు పోవాలో ముందే ఏర్పాటు ఉంటుంది: పక్కనున్న కాలువలోకి. కొండ ప్రాంతపు ఊళ్లకు ఈ బెడద తక్కువ, వాలు వాళ్ల పక్షాన ఉంటుంది. కృష్ణా, గుంటూరు డెల్టా పట్టణాలకు మురుగు తరలింపు అంటే కరెంటుతో చేసే పనే.

అందుకని ఇంటింటి కనెక్షన్ల కోసం పాతికేళ్లు కూర్చోకుండా సైడు కాలువలు పెద్ద కాలువలో కలిసే నోటి దగ్గరే చిన్న అడ్డుకట్ట వేసి, అక్కడ ఆగిన మురుగును పంపు చేసి కేంద్రానికి తీసుకెళ్లడం మంచిదని ఒక వాదన ఉంది. వానలు పడ్డప్పుడు ఆ కట్ట మీంచి అంతా పొంగిపోతుంది, నిజమే. అయితే వాన పడ్డప్పుడు కాలువలో నీళ్లూ ఉంటాయి. కాలువ కట్టేసిన పొడి నెలల్లో, పలచన చేసే నీళ్లు లేనప్పుడు, ఈ ఏర్పాటు సరిగ్గా పనిచేస్తుంది. అసలు అవసరం అప్పుడే. గొప్పగా కనిపించదు, ఊరి మ్యాపు మీద యూజీడీలా అందంగా గీతలు ఉండవు. చిన్న పట్టణానికి మాత్రం మొదటి అడుగు ఇదే కావాలి.

సెప్టిక్ ట్యాంకులకు విడిగా ఒక దారి కావాలి. ట్యాంకు నిండాక వచ్చే క్లీనింగ్ బండి తోడుకున్న సరుకు మామూలు మురుగు కన్నా ఎన్నో రెట్లు చిక్కన. ఆ బండి ఊరి బయట డ్రెయిన్‌లోనో, బీడులోనో ఒక్కసారి గుమ్మరించిందంటే ఒక వీధి వారం రోజుల మురుగు ఒకేచోట పోసినట్టు. ఈ బురద కోసమే ప్రత్యేకంగా చిన్న శుద్ధి కేంద్రాలు వచ్చాయి, పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలో అలాంటిది కట్టారు. ఖర్చు తక్కువ, స్థలం తక్కువ, భూమిలో పైపులు అక్కర్లేదు. బండి డ్రైవరు అక్కడిదాకా వెళ్లేలా చేయడమే అసలు కష్టం. దగ్గర్లో డ్రెయిన్ ఉండగా డీజిల్ కాల్చుకుని వెళ్లాలంటే, ఖాళీ చేసిన చోట చీటీ ఇచ్చి ఆ చీటీకి డబ్బులిచ్చే పద్ధతి ఉండాలి.

కాలువ గట్ల మీద గుడిసెలు వేసుకున్నవాళ్ల వల్లే కాలువలు పాడయ్యాయనే మాట బెజవాడలో తరచూ వినిపిస్తుంది. వాళ్ల దొడ్లు నేరుగా కాలువలోకే పోతాయి, అందులో అబద్ధం లేదు. కానీ మనిషికి 108 లీటర్ల లెక్క వేసింది ఇరవై నాలుగ్గంటలూ కుళాయి తిప్పుకోగల ఇళ్లకు. వీధి పంపు దగ్గర బిందెలు పట్టుకునే కుటుంబం అంత మురుగు తయారు చేయలేదు. గట్టు మీది ఇల్లు కంటికి కనిపిస్తుంది, అపార్టుమెంటు మురుగు తూము నీళ్ల కింద ఉంటుంది. నింద కంటికి కనిపించేదాని మీద పడుతుంది.

నదికి మంచి మార్కులు ఎందుకు పడతాయి

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో ఇచ్చిన కలుషిత నదీ భాగాల జాబితాలో కృష్ణా నది అమరావతి నుంచి హంసలదీవి దాకా ఉంది. అయితే తీవ్రతలో చివరి తరగతిలో. పైనుంచి చూస్తే పరవాలేదనిపిస్తుంది. కృష్ణ మరీ అంత పాడవలేదు అనుకోవచ్చు. కానీ డెల్టాలో నది ఒక్కటే నది కాదు. బ్యారేజీ దగ్గర నది నీళ్లు కాలువల్లోకి మళ్లాక, వరద రోజుల్లో తప్ప కింద ఏటిలో మిగిలేది ఇసుక, అక్కడక్కడా మడుగులు. నీళ్లూ కాలువల్లోనే ఉన్నాయి, మురుగూ వాటిలోకే పోతోంది. నదిలో శాంపిల్ పట్టి ఊరి మురుగును అంచనా వేయడం, రోగి చేయి చాపితే పక్కవాడి నాడి చూసినట్టు.

బుడమేరు కథ చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. మైలవరం వైపు కొండల్లో పుట్టి, విజయవాడ ఉత్తరపు శివార్లను ఒరుసుకుంటూ, ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ కిందుగా దూరి, చివరకు కొల్లేరు చేరుతుంది. దారిలో నగరం మురుగు ఎంత కలిస్తే అంతా కొల్లేటికే. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తింపు పొందిన సరస్సు అది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి మునిగాయి. అదే సమయంలో బ్యారేజీ నుంచి రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. జనం నడుము లోతు నీళ్లలో పాల ప్యాకెట్ల కోసం నడిచిన ఆ రోజుల్లో మ్యాన్‌హోళ్లు, సెప్టిక్ ట్యాంకులు, వరద నీరు అన్నీ ఒక్కటే. వాన నీటి కాలువనూ మురుగు కాలువనూ వేరు చేయని ఊళ్లో వరద వస్తే ఇంట్లోకి వచ్చేది రెండూ కలిసిన నీళ్లు.

విజయవాడ కింది ఊళ్లకు ఏం చేస్తుందో, విజయవాడకు పైన ఉన్నవాళ్లు అదే చేస్తున్నారు. హైదరాబాద్ మురుగు మోసుకొచ్చే మూసీ నాగార్జునసాగర్ దిగువన వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఖమ్మం పక్కనుంచి వచ్చే మున్నేరు కూడా బ్యారేజీకి ఎగువనే కలుస్తుంది. మధ్యలో పులిచింతల జలాశయం ఉండటం, దూరం ఎక్కువ కావడం వల్ల కుళ్లేది చాలావరకు దారిలోనే కుళ్లిపోతుంది. నది తనను తాను బాగుచేసుకుంటుందనే మాట అబద్ధం కాదు. దానికి సమయం, లోతు, పారే నీళ్లు కావాలి. మూసీ విషయంలో ఆ మూడూ ఎంతో కొంత దొరుకుతున్నాయి. బందరు కాలువ కింది పల్లెకు దొరకడం లేదు.

గుంటూరుది ఇంకో రకం. ఊరికి ఆనుకుని నది లేదు. మురుగు పీకలవాగు లాంటి వాగుల్లో పడి పోతుంది, మంచినీళ్లు కృష్ణ నుంచి వస్తాయి. నది మురుగుకు దూరంగా ఉంది కాబట్టి గుంటూరుకు భయం లేదనుకుంటే 2018 మార్చి గుర్తు తెచ్చుకోవాలి. పాత గుంటూరు వైపు డయేరియా ప్రబలి ఆస్పత్రులు నిండిపోయాయి, ప్రాణాలూ పోయాయి. తాగునీళ్లలో మురుగు కలిసిందన్నది అప్పటి ఆరోపణ. అలా కలవడానికి నది అక్కర్లేదు. నీళ్లు రోజుకు గంటో రెండు గంటలో వదిలే ఊళ్లో మిగతా సమయమంతా కుళాయి పైపు ఖాళీ. ఆ పైపు సైడు కాలువలోంచి పోతూ, ఎక్కడో తుప్పు పట్టి చిల్లు పడి ఉంటే, లోపల ఒత్తిడి తగ్గినప్పుడు బయటి మురుగును లోపలికి పీలుస్తుంది. రాష్ట్ర విభజన తర్వాత విజయవాడ, గుంటూరులకు కేంద్రం ఇచ్చిన వెయ్యి కోట్లలో గుంటూరు వాటా భూగర్భ డ్రైనేజీకే పెట్టారు. పనులు మొదలై మధ్యలో ఆగాయి. తవ్వి వదిలేసిన వీధుల్లో తిరిగినవాళ్లకు ఆ కథ వివరంగా తెలుసు.

రోజుకు పది బస్తాల యూరియా

శుద్ధి కేంద్రం బాగా నడిచినా నీళ్లలో నత్రజని చాలావరకు అలాగే ఉంటుంది, దాన్ని తీయడానికి ఇంకో దశ కావాలి. మురుగులో లీటరుకు 40 మిల్లీగ్రాముల నత్రజని ఉందనుకుంటే, మన 50 వేల పట్టణం రోజుకు 216 కిలోలు వదులుతోంది. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 21 కిలోలకు కాస్త తక్కువ. అంటే ఊరు రోజూ పది బస్తాల యూరియా కాలువలో పోస్తోందన్నమాట. గుర్రపుడెక్క అంత ఏపుగా పెరగడానికి ఎవరూ ఎరువు వేయడం లేదనుకుంటాం. ఏటా దాన్ని తీయించడానికి బిల్లులు పెడతాం, ఏటా మళ్లీ పెరుగుతుంది.

అదే నీళ్లు పొలానికి పోతే ఎరువు అవుతుంది. సార్వాలో ఎవరికీ అవసరం లేదు. కాలువలు కట్టేసిన ఎండాకాలంలో మాత్రం శుద్ధి చేసిన రెండు క్యూసెక్కులు కూడా పశుగ్రాసానికో, పచ్చిరొట్టకో పనికొస్తాయి. పచ్చిగా తినే ఆకుకూరలకు మాత్రం వాడకూడదు, పైన చెప్పిన లక్ష బ్యాక్టీరియా లెక్క వల్ల. నీళ్లు కాలువలోకి వదలడానికి వీల్లేని నెలలూ, పొలానికి నీళ్లు దొరకని నెలలూ ఒకటే కావడం డెల్టా పట్టణాలకు ఉన్న ఒకే ఒక్క అనుకూలం. దాన్ని ప్రణాళికలో రాసుకున్న మున్సిపాలిటీలు వేళ్ల మీద లెక్కపెట్టాలన్నా కష్టమే.

అన్నిటికన్నా ప్రమాదమైన వారం కాలువలకు మళ్లీ నీళ్లు వదిలే వారం. ఎండాకాలమంతా అడుగున పేరుకున్న బురద, తెట్టు, కుళ్లిన గుర్రపుడెక్క అంతా మొదటి నీళ్ల ముందు దొర్లుకుంటూ పోతుంది. తొలి నీళ్లు నల్లగా వస్తాయని కాలువ కింది పల్లెల్లో పెద్దవాళ్లకు తెలుసు. ఆ నీళ్లను చెరువు తూములోకి రానివ్వకుండా ఒకట్రెండు రోజులు ముందుకు పోనిస్తారు. అయితే ఎండాకాలం చివరికి చెరువు అడుగంటి, బిందెలతో జనం రోడ్డెక్కే పరిస్థితి ఉంటే అంత ఓపిక ఎవరికుంటుంది? మచిలీపట్నం లాంటి ఊరికి ఫిల్టర్లు ఉంటాయి. ఫిల్టరు మట్టిని ఆపుతుంది, మురుగులోని అమోనియాను ఆపలేదు. ఒక మిల్లీగ్రాము అమోనియా నత్రజని ఎనిమిది నుంచి పది మిల్లీగ్రాముల క్లోరిన్‌ను మింగేస్తుంది. రోజూ వేసే మోతాదే వేస్తే క్లోరిన్ అమోనియాకే సరిపోతుంది, బ్యాక్టీరియా జోలికి పోవడానికి మిగలదు.

ఇక పరీక్షల సంగతి. బీఓడీ తేలాలంటే నీళ్ల సీసాను మన దేశపు పద్ధతిలో 27 డిగ్రీల వద్ద మూడు రోజులు ఉంచాలి. విజయవాడ నుంచి మచిలీపట్నం సుమారు 70 కిలోమీటర్లు. కాలువ సెకనుకు అర మీటరు వేగంతో పారినా నీళ్లు రెండు రోజుల్లోపే అక్కడికి చేరతాయి. యనమలకుదురు వంతెన దగ్గర పట్టిన సీసా ఫలితం కాగితం మీదికి వచ్చేసరికి ఆ నీళ్లు ఊరికి చేరి ఒక రోజు దాటిపోతుంది.